ఆ ఫొటో కింద రెండు లైన్లు వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ సైన్స్ పేజీలో ఈమధ్య "ఎలుక ఆలోచనలు కెమెరాకు చిక్కాయి" అన్న హెడ్డింగుతో ఒక వార్త వేశారు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఆకుపచ్చ చుక్కలు, మధ్యమధ్యలో ఎరుపు, ఊదా తీగలు. చూడటానికి బాగుంది. వార్త చివర "ఇదే పద్ధతిలో మున్ముందు మనుషుల మనసులో ఏముందో కూడా చూడవచ్చు" అని ఒక వాక్యం. అది చదివి మా పిన్ని ఫోన్ చేసి, "మీ ల్యాబులో చేసేది ఇదేనటగా, మా వాడి బుర్రలో ఏముందో కాస్త చూసి చెప్పవే" అంది. ఆవిడ సరదాకే అంది. కానీ తర్వాతి వారం మీరు వేసిన ఉత్తరాల్లో ఇద్దరు పాఠకులు దాన్ని సీరియస్‌గానే తీసుకున్నారు. ఒకరికి భయమేసింది, ఇంకొకరికి ఎలుక మీద జాలేసింది. భయంలోనూ జాలిలోనూ తప్పేమీ లేదు. ఆ ఇద్దరి చేతికీ మీరిచ్చిన సమాచారమే చాలలేదు.

నేను సైంటిస్టుని కాదు. మెదడు మీద పరిశోధన చేసే ఒక ల్యాబులో మైక్రోస్కోపు గది చూసుకుంటాను. చదివింది ఫిజిక్స్. లేజర్ అలైన్ చేయడం, లెన్సులు తుడవడం, డిటెక్టర్లు చెడిపోకుండా కాపాడటం, పిల్లలు (అంటే పీహెచ్‌డీ స్టూడెంట్లు) రాత్రిపూట "మేడమ్, సిగ్నల్ రావట్లేదు" అని ఫోన్ చేస్తే వెళ్లి చూడటం నా పని. పరిశోధన పేపర్లలో నా పేరు చివర కృతజ్ఞతల దగ్గర ఉంటుంది. మీరు వేసిన లాంటి బొమ్మలు ఎలా తయారవుతాయో మాత్రం మొదటి నుంచి చివరి దాకా తెలుసు కాబట్టి ఈ ఉత్తరం.

ఆ చుక్కల్లో కనిపిస్తున్నది ఆలోచన కాదు. విద్యుత్తు కూడా కాదు. కాల్షియం. న్యూరాన్, అంటే మెదడులోని నాడీకణం, పని చేసినప్పుడు దానిలో పుట్టే విద్యుత్ సంకేతాన్ని మేం స్పైక్ అంటాం. అది సుమారు ఒక మిల్లీసెకనులో ముగిసిపోతుంది. ఆ సమయంలో కణం పొరలోని కొన్ని ద్వారాలు తెరుచుకుని బయటి కాల్షియం లోపలికి వస్తుంది. మామూలుగా న్యూరాన్ లోపల కాల్షియం అతి తక్కువ, బయట దానికి పదివేల రెట్లకు పైగా ఉంటుంది. అందుకే కాస్త లోపలికి జారినా తేడా గట్టిగా తెలుస్తుంది. ఆ తేడా పట్టుకుని వెలిగే ప్రొటీన్ పేరు జీక్యాంప్. 1962లో ఒసాము షిమోమురా జెల్లీఫిష్‌లో గమనించిన ఆకుపచ్చ ప్రొటీన్ దీనికి మూలం. ఆ ప్రొటీన్ మీద చేసిన పనికి ఆయనకూ, మార్టిన్ చాల్ఫీకీ, రోజర్ చెన్‌కీ కలిపి 2008లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. 2001లో జపాన్‌కు చెందిన జునిచి నకాయ్ బృందం దానికి కాల్షియాన్ని పట్టుకునే మరో ప్రొటీన్‌ని కలిపి జీక్యాంప్‌ని తయారు చేసింది. 2013లో అమెరికాలోని జనీలియా పరిశోధన కేంద్రం నుంచి జీక్యాంప్6 వచ్చాక ఈ రంగం రూపమే మారిపోయింది. పరిస్థితులు అనుకూలిస్తే ఒక్క స్పైక్‌ని కూడా గుర్తుపట్టగలిగారు. ఎలుక న్యూరాన్లు ఈ ప్రొటీన్‌ని వాటంతటవే తయారు చేసుకోవాలి కాబట్టి దాని జీన్‌ని వైరస్ ద్వారా పంపిస్తారు, లేదా ఆ జీన్‌తోనే పుట్టేలా ఎలుకల్ని పెంచుతారు.

ఇక్కడొక చిక్కుంది, మీ వార్తలో దాని ఊసే లేదు. స్పైక్ మిల్లీసెకనులో అయిపోయినా వెలుగు వెంటనే ఆరదు, తగ్గడానికి సెకనులో పదో వంతు నుంచి అర సెకను, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. స్పైక్ గంట మీద పడ్డ దెబ్బ అనుకుంటే, మేం వినేది తర్వాతి మోతని. దెబ్బ పడింది ఒక్కసారా, వెంటవెంటనే మూడుసార్లా అన్నది ఆ మోతని బట్టి కంప్యూటర్‌లో లెక్క కట్టాలి. ఆ లెక్క చాలావరకు సరిగ్గానే వస్తుంది, కానీ అది అంచనా. నేరుగా వోల్టేజీకి స్పందించే ప్రొటీన్లు కూడా వచ్చాయి. వాటిని అందుకోవాలంటే సెకనుకు వందల నుంచి వెయ్యి దాకా ఫ్రేములు తీయాలి. అంత వేగంతో తీస్తే ఒక్కో ఫ్రేములోకి వచ్చే వెలుగు తక్కువ, ఒకేసారి చూడగలిగే కణాలూ తక్కువే.

ఇక రంగుల సంగతి. ఆకుపచ్చ నిజమే, జీక్యాంప్ వెలిగేది ఆ రంగులోనే. కానీ మా డిటెక్టర్‌కి రంగు తెలియదు. ఫిల్టర్ దాటి వచ్చిన వెలుతురు ఎంతుందో కొలిచి, చుక్క చుక్కకీ ఒక అంకె ఇస్తుంది, అంతే. ఆ అంకెల మీద ఆకుపచ్చ వేసేది కంప్యూటరే. ఇంకో ఛానల్‌కి, అంటే ఇంకో ఫిల్టర్ దాటి వచ్చిన వెలుతురుకి, ఎరుపు వేస్తాం, రక్తనాళాలకో ఇంకో రకం కణాలకో. ఒక్కోసారి లోతుని బట్టి రంగు మారుస్తాం, ఒక్కోసారి ఎప్పుడు వెలిగిందన్న దాన్ని బట్టి. ఒకసారి ఒక స్టూడెంట్ జర్నల్ కవర్ కోసం అంతా ఊదా రంగు చేసి పంపాడు, బ్రహ్మాండంగా వచ్చింది. అందులో మోసమేమీ లేదు, పేపర్లో ఏ రంగు దేనికో బొమ్మ కింద రాస్తారు. మీ దగ్గరికి వచ్చేసరికి ఆ కిందిది ఎగిరిపోయి బొమ్మ ఒక్కటే మిగిలింది.

లోపలికి ఎలా చూస్తామో కాస్త చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన భాగం ఇదే. మెదడు కణజాలంలో మామూలు వెలుతురు కొద్ది దూరం పోగానే చెల్లాచెదురైపోతుంది. పైన ఉన్నది కనిపిస్తుంది, లోపలిది అలుక్కుపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ అంత త్వరగా చెదరదు, కాబట్టి లోతుకి పోతుంది. కానీ జీక్యాంప్‌ని వెలిగించడానికి ఒక ఇన్‌ఫ్రారెడ్ ఫోటాన్ (కాంతి కణం) శక్తి చాలదు. రెండు ఫోటాన్లు దాదాపు ఒకేసారి తగిలితే చాలుతుంది. ఇలా జరగవచ్చని మరియా గోపర్ట్ మేయర్ 1931లోనే తన డాక్టరేట్ థీసిస్‌లో లెక్క వేసి చూపించింది. అప్పటికి లేజర్లే లేవు. (ఆమెకు 1963లో నోబెల్ వచ్చింది, అది వేరే పనికి, పరమాణు కేంద్రకం నిర్మాణం మీద చేసినదానికి.) 1990లో కార్నెల్ యూనివర్సిటీలో విన్‌ఫ్రీడ్ డెంక్, జేమ్స్ స్ట్రిక్లర్, వాట్ వెబ్ ఆ లెక్కని మైక్రోస్కోపులోకి తెచ్చారు. దాన్నే టూ-ఫోటాన్ మైక్రోస్కోపు అంటాం.

రెండు ఫోటాన్లు ఒకేసారి ఒకేచోట తగలాలంటే వెలుతురు బాగా కిక్కిరిసి ఉండాలి. అలాగని లేజర్‌ని నిరంతరం అంత తీవ్రంగా పంపితే కణజాలం మాడిపోతుంది. అందుకని చిన్న చిన్న పల్సులుగా పంపుతాం. ఒక్కో పల్సు సుమారు 100 ఫెమ్టోసెకన్లు, అంటే సెకనులో పది లక్షల కోట్లవ వంతు. అలాంటివి సెకనుకు 8 కోట్లు. ఇంత చేసినా రెండు ఫోటాన్లు కలిసేంత రద్దీ లెన్స్ ఫోకస్ అయిన ఆ ఒక్క బిందువు దగ్గరే ఉంటుంది. పైనా కిందా ఏదీ వెలగదు. దీనివల్ల ఎంత లాభమో చూడండి: వెలిగింది ఆ బిందువొక్కటే కాబట్టి, అక్కణ్నుంచి బయటికొచ్చే ఆకుపచ్చ వెలుగు దారిలో ఎంత చెదిరినా ఫర్వాలేదు. ఎటు నుంచి వచ్చినా సరే, దొరికినంతా పట్టుకుని ఆ బిందువు ఖాతాలో వేసేస్తాం. తర్వాత అద్దాలు తిప్పుతూ బిందువుని పక్కకి జరుపుతాం. ఇలా 512 వరసలు గీస్తే ఒక ఫ్రేము, సెకనుకు సుమారు 30 ఫ్రేములు. అంటే మీరు వేసిన ఫొటోని ఏ క్షణంలోనూ ఎవరూ మొత్తంగా చూడలేదు. అది చుక్క చుక్కగా పేర్చింది.

వచ్చే వెలుగు ఎంత తక్కువంటే, గదిలో ఎక్కడా కాంతి ఉండకూడదు. కంప్యూటర్ మీద మినుకుమనే చిన్న ఎల్‌ఈడీకి కూడా నల్ల టేపు అంటిస్తాం. మధ్యలో ఎవరైనా ఫోన్ తీశారంటే బొమ్మ తెల్లబడిపోతుంది. ఇంకో సంగతి, ఇది ఏ పేపర్లోనూ ఉండదు. లెన్సుకీ, ఎలుక తల మీద అమర్చిన గాజు కిటికీకీ మధ్య నీటి చుక్క ఉండాలి. అది మెల్లగా ఆరిపోతుంటుంది. ఆరే కొద్దీ చుక్కలు మసకబారతాయి. కొత్తగా వచ్చిన స్టూడెంట్ స్క్రీన్ చూసి మెదడులో యాక్టివిటీ తగ్గిందని సంబరంగా నోట్ చేసుకుంటాడు. నేను వెళ్లి నీళ్లు పోసి వస్తాను. ఎక్కువసేపు రికార్డింగ్ ఉంటే అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో వాడే జెల్ పెట్టేస్తాం, టెన్షన్ ఉండదు.

మీ వార్తలో "ఎలుక మెదడంతా" అన్నారు. అది మాత్రం ఒప్పుకోలేను. ఎలుక మెదడు పైపొర, అంటే కార్టెక్స్, మందం సుమారు ఒక మిల్లీమీటరు. టూ-ఫోటాన్‌తో హాయిగా చూడగలిగేది అందులో సగం. జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోకాంపస్ కార్టెక్స్‌కి అడుగున ఉంటుంది. దాన్ని చూడాలంటే పైనున్న కార్టెక్స్ కొంత తీసేయాల్సి వచ్చేది, ఇప్పటికీ చాలాచోట్ల అంతే. 2017లో కార్నెల్‌లోనే క్రిస్ షూ బృందం 1300 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వాడి, రెండు కాదు మూడు ఫోటాన్లతో, కార్టెక్స్‌ని ముట్టుకోకుండానే సుమారు ఒక మిల్లీమీటరు లోతున హిప్పోకాంపస్ న్యూరాన్లు పని చేయడం చూపించింది. గొప్ప పని. అయినా అది మెదడంతా కాదు, ఒక కిటికీ. ఎలుక మెదడులో సుమారు 7 కోట్ల న్యూరాన్లున్నాయి, మనం చూసేది మామూలుగా కొన్ని వందలు, వేలు. మెదడంతా చూడాలంటే జీబ్రాఫిష్ పిల్ల కావాలి. అది పుట్టుకతోనే పారదర్శకం, పైగా న్యూరాన్లు లక్ష వరకే. 2013లో జనీలియాలో మీషా ఆరెన్స్, ఫిలిప్ కెల్లర్ పలుచటి రేకులాంటి లేజర్ కాంతిని పక్కనుంచి పంపి, ఆ చేపపిల్ల మెదడు మొత్తాన్ని 1.3 సెకన్లకోసారి చొప్పున రికార్డు చేశారు. 80 శాతానికి పైగా న్యూరాన్లు విడివిడిగా కనిపించాయి. మీరు వేసిన హెడ్డింగు ఆ చేపపిల్లకైతే సగం సరిపోయేది.

జాలిపడిన పాఠకుడి గురించి. "స్వేచ్ఛగా పరిగెత్తే ఎలుక" అని మీరు రాశారు, ఆయనేమో "తల పగలగొట్టి హింసిస్తున్నారు" అని రాశారు. ఎక్కువగా జరిగేది చెబుతాను. మత్తిచ్చి, నొప్పి తెలియకుండా మందులిచ్చి, పుర్రెలో కొన్ని మిల్లీమీటర్ల మేర ఎముక తీసి గాజు అమరుస్తారు. తలకి చిన్న లోహపు పట్టీ అతికిస్తారు. కోలుకున్నాక కొన్నాళ్లపాటు మనుషుల చేతులకీ, ఆ పరికరానికీ అలవాటు చేస్తారు. రికార్డింగ్ అప్పుడు తల బిగించి ఉంటుంది, కాళ్ల కింద గాలి మీద తేలే థర్మాకోల్ బంతి ఉంటుంది, దాని మీద ఎలుక నడవొచ్చు, పరిగెత్తొచ్చు, ఊరికే కూర్చోవచ్చు. (చాలాసార్లు ఊరికే కూర్చుంటుంది. గదంతా మనుషులు ఊపిరి బిగబట్టి చూస్తుంటే అది మీసాలు తుడుచుకుంటుంది.) ఈ బంతి ఏర్పాటుతో మెలకువగా ఉన్న ఎలుకలో కణాల స్థాయిలో చూడొచ్చని ప్రిన్స్‌టన్‌లో డేవిడ్ ట్యాంక్ బృందం 2007లో చూపించింది. తల బిగించినా మెదడు కదులుతూనే ఉంటుంది, ఊపిరికీ గుండెకీ. ఆ కదలికని తర్వాత కంప్యూటర్‌లో సరిచేస్తాం. పక్కలకి జరిగితే సులువే, పైకీ కిందకీ జరిగితే వేరే కణాలే ఫోకస్‌లోకి వచ్చేస్తాయి, దాన్ని సరిచేయడం కష్టం.

నిజంగా స్వేచ్ఛగా తిరిగే ఎలుకకి తల మీద మోసే బుల్లి మైక్రోస్కోపులున్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ ష్నిట్జర్ బృందం 2011లో రెండు గ్రాముల లోపు బరువున్నది తయారు చేసింది. 2022లో నార్వేలోని ఎడ్వర్డ్ మోజర్, మే-బ్రిట్ మోజర్‌ల ల్యాబు నుంచి మూడు గ్రాముల లోపు టూ-ఫోటాన్‌ది వచ్చింది. పెరిగిన ఎలుక బరువు 20 నుంచి 30 గ్రాములు కాబట్టి ప్రతి గ్రామూ లెక్కే. మీ ఫొటో వీటిలో దేనితో తీసిందో వార్తలో లేదు.

ఇది జంతువుకి ఏ కష్టమూ లేని పని అని నేననను. కిటికీ అమర్చిన ఎలుకని ఒకసారి చేతిలోకి తీసుకుంటే ఆ మాట నోట రాదు. కానీ మునుపటి పద్ధతుల్లో ఒక్కో దశ చూడటానికి ఒక్కో ఎలుకని చంపాల్సి వచ్చేది. ఈ కిటికీలోంచి అదే ఎలుకలో అవే న్యూరాన్లని వారాలు, నెలల తరబడి చూడొచ్చు. అలా ఎలుకల సంఖ్య తగ్గుతుంది. ప్రతి ప్రయోగానికీ ఎన్ని ఎలుకలు, ఎందుకు, వేరే దారి లేదా అని నైతిక కమిటీకి జవాబు చెప్పాలి. ఆ పాఠకుడు అడిగిన ప్రశ్నే కమిటీ కూడా అడుగుతుంది.

భయపడిన పాఠకురాలికి. మీరు ఎలుక ఫొటో పక్కన మనిషి మెదడు స్కాన్ వేసి పొరపడే అవకాశమిచ్చారు. ఆ స్కాన్ ఎఫ్ఎంఆర్ఐ. అది చూసేది న్యూరాన్లని కాదు, రక్తంలో ఆక్సిజన్ మార్పుని. 1990లో సెయిజి ఒగావా చూపించిన పద్ధతి. అందులో ఒక్కో చుక్క రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది, దాని లోపల లక్షల న్యూరాన్లుంటాయి. పైగా రక్తం స్పందన గరిష్ఠానికి చేరడానికి ఐదు సెకన్లు పడుతుంది. ఎలుకలో మేం చేసేది మనిషిలో చేయాలంటే పుర్రె తెరవాలి, న్యూరాన్లలోకి కొత్త జీన్ పంపాలి, ఇంత చేసినా 8,600 కోట్ల న్యూరాన్లలో పైపైన ఉన్న కొన్ని వేలు కనిపిస్తాయి. ఎవరికీ తెలియకుండా మన తలలోకి దూరి చూసే యంత్రం కాదు ఇది, అమ్మా.

"హై రిజల్యూషన్" అని కూడా మూడుచోట్ల రాశారు. వెలుతురుతో చూసేటప్పుడు సుమారు 200 నానోమీటర్ల కంటే చిన్న వివరం విడిగా కనిపించదని 1873లో ఎర్న్‌స్ట్ అబ్బే చెప్పిన హద్దు ఒకటుంది. జర్మనీ శాస్త్రవేత్త స్టెఫాన్ హెల్ ఆ హద్దుని దాటాడు. 2012లో ఆయన బృందం బతికున్న ఎలుక మెదడులో, పైపొరలో, 70 నానోమీటర్ల కంటే సన్నటి వివరంతో డెండ్రైట్ల (న్యూరాన్ నుంచి వచ్చే కొమ్మల్లాంటి భాగాల) మీది బుడిపెల్ని చూపించింది. నిమిషాల తేడాతో వాటి ఆకారం మారడం కనిపించింది. కానీ అది చాలా చిన్న ముక్క, మెదడు ఉపరితలానికి దగ్గరగా, చూసింది ఆకారాన్ని. వేల న్యూరాన్ల యాక్టివిటీని అంత సూక్ష్మంగా, అంత లోతున, సెకనుకు 30 సార్లు చూడటం ఇప్పటికి కుదరదు. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది. లేజర్ పవర్ పెంచి సర్దుకుందామంటే మెదడు వేడెక్కుతుంది. మా గదిలో రోజూ జరిగే గొడవ సగం దీని గురించే: స్టూడెంట్ ఇంకొంచెం పవర్ అంటాడు, నేను ఒప్పుకోను.

2025 ఏప్రిల్‌లో వచ్చిన మైక్రాన్స్ ప్రాజెక్టు ఫలితాలు చూడండి. ఒక ఎలుకకి వీడియోలు చూపిస్తూ దృష్టికి సంబంధించిన భాగంలో సుమారు 75,000 న్యూరాన్ల కాల్షియం వెలుగులు రికార్డు చేశారు. తర్వాత అదే భాగాన్ని, ఒక ఘన మిల్లీమీటరు, సన్నటి పొరలుగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి న్యూరాన్ల మధ్య 52 కోట్లకు పైగా సంధుల్ని (సినాప్స్‌లని) గుర్తించారు. ఏళ్ల తరబడి ఎన్నో ల్యాబులు కలిసి చేసిన పని. అంత చేసినవాళ్లు కూడా ఎలుక ఆలోచన చదివామని అనలేదు. ఏ వీడియోకి ఏ న్యూరాన్ ఎలా స్పందిస్తుందో ముందే అంచనా వేయగల మోడల్ కట్టామన్నారు. నాకైతే వార్తగా అదే ఎక్కువ ఆసక్తిగా ఉంది.

నేను అడిగేది సవరణ ప్రకటన కాదు, అది ఎవరూ చదవరు. ఇకమీద ఇలాంటి ఫొటో వేసినప్పుడు ఏ జంతువు, మెలకువగా ఉందా మత్తులో ఉందా, తల బిగించారా, వెలుగుతున్నది ఏమిటి, ఏ రంగు కంప్యూటర్ వేసింది, ఎంత వెడల్పు, వీడియో అయితే ఎన్ని రెట్లు వేగం పెంచారు అన్నవి ఫొటో కిందే వేయండి. ఇవన్నీ అసలు పేపర్లో బొమ్మ కింద రాసే ఉంటాయి. చోటు లేదంటారేమో, కాబట్టి నమూనా ఒకటి రాసి పంపుతున్నాను:

"తల బిగించి, బంతి మీద నడుస్తున్న మెలకువ ఎలుక మెదడు పైపొర, టూ-ఫోటాన్ మైక్రోస్కోపులో. ఆకుపచ్చ: న్యూరాన్లలో కాల్షియం పెరిగినప్పుడు వెలిగే ప్రొటీన్. ఎరుపు: రక్తనాళాలు. రంగులు కంప్యూటర్‌లో వేసినవి. ఫొటో వెడల్పు సుమారు అర మిల్లీమీటరు."

ఇట్లు,
మైక్రోస్కోపు గది చూసుకునే మీ పాఠకురాలు